తొంభై ఎనిమిది మార్కుల కందిగింజ

జహీరాబాద్ బస్టాండు దగ్గర నా దుకాణానికి వచ్చేవాళ్లలో కొందరు ఇప్పటికీ రెండు మాటలు అంటుంటారు. ఆ ఏడు తుల్జమ్మ కందులు పుచ్చిపోయాయని ఒకటి, గ్రేసి చేసిన వెబ్‌సైటు పాడైపోయిందని ఇంకొకటి. రెండూ అబద్ధం. కందులు పుచ్చలేదు, వెబ్‌సైటు దానంతటది పాడవలేదు. పాడుచేసింది నేను, అది కూడా బాగుచేస్తూ పాడుచేశాను. ఒక మనిషి కుర్చీలోంచి లేవకుండా, ముందున్న చాయ్ చల్లారేలోపు, షేర్ ఆటోలో గంట దూరమున్న ఊళ్లో ఒకామె ముప్పై ఏళ్లుగా నిలబెట్టుకున్న పేరును ఎలా చెడగొట్టవచ్చో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఇది చదవవచ్చు.

నా పేరు ప్రభాకర్. జిరాక్సు తీస్తాను, ఆన్‌లైన్‌లో దరఖాస్తులు పెడతాను, సాయంత్రాలు కంప్యూటర్ నేర్పుతాను. ఇది నాలుగేళ్ల కిందటి సంగతి. అప్పటికి నాకు నలభై నాలుగు. వయసు ఎందుకు చెబుతున్నానంటే, కుర్రతనంలో చేశానని తప్పించుకునే దారి నాకు లేదని మీకు ముందే తెలియాలి.

అంతా ఒక ఎక్స్‌టెన్షన్‌తో మొదలైంది. మనం ఇంటర్నెట్ చూసే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న పనిముట్లను ఎక్స్‌టెన్షన్లంటారు. స్కూటర్ కొన్నాక సంచి తగిలించడానికి కొక్కెం బిగించుకుంటామే, అలాంటివన్నమాట. నేను బిగించుకున్నది వెబ్ పేజీల వేగాన్ని కొలిచేది. ఏదైనా పేజీ తెరిచి, పైన మూలనున్న బొత్తాం నొక్కితే చాలు. ఆ పేజీ ఎంతసేపట్లో తెరుచుకుంది, ఏది దాన్ని వెనక్కి లాగింది, అన్నీ చూసి వందకు ఇన్ని మార్కులని ఒక గుండ్రటి చక్రంలో చూపిస్తుంది. బాగుంటే పచ్చ చక్రం, మధ్యరకమైతే నారింజ, బాగాలేకపోతే ఎరుపు. కింద సలహాలు కూడా ఇస్తుంది.

కొత్తగా బీపీ మిషన్ కొన్న ఇంటిని మీరు చూసే ఉంటారు. చుట్టాలెవరొచ్చినా ముందు చెయ్యి చాపమంటారు, పాలు పోయడానికి వచ్చినవాణ్ని కూడా వదలరు. నా దుకాణమూ అలాగే తయారైంది. కరెంటు బిల్లు పేజీని కొలిచాను, బ్యాంకు పేజీని కొలిచాను, రైలు టికెట్ల పేజీని రెండుసార్లు కొలిచాను. కుల సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒక పెద్దమనిషిని జర ఆగమని, ఆ దరఖాస్తు పేజీకి నలభై రెండు మార్కులు వచ్చాయని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ముప్పై అయిదు దాటింది గదా సార్, పాసే" అన్నాడు. తన పని కాకపోయినా, ఎవరో పాసైన సంతోషంతో ఇంటికి వెళ్లిపోయాడు.

నా భార్య సరోజ మాత్రం మొదటి రోజే అనుమానించింది. "ఇంటికొచ్చి నా పప్పుకు గూడ మార్కులేస్తవా ఏంది?" అని అడిగింది. వెయ్యనన్నాను. "మంచిది. ఏస్తివంటే రేపటి సంది ఆ మిషనే నీకు వండిపెడ్తది" అంది. ఆ మాటలోని హెచ్చరికను నేను పప్పు వరకే తీసుకున్నాను.

ఇక ఆ వెబ్‌సైటు సంగతి. ఝరాసంగం దిక్కున ఒక ఊళ్లో కొందరు ఆడవాళ్లు పాత విత్తనాలను కాపాడుకుంటూ వస్తున్నారు. కొర్ర, సజ్జ, పచ్చజొన్న, పెసర, కంది. అడిగిన రైతుకు విత్తనం ఇస్తారు, పంట వచ్చాక దానికి రెండింతలు తిరిగి పోయించుకుంటారు. వాళ్ల కోసం గ్రేసి ఒక పేజీ తయారుచేసింది. గ్రేసిది చిరాగ్‌పల్లి. ఒకప్పుడు నా దగ్గర టైపింగ్ నేర్చుకున్న పిల్ల, అప్పటికే సంగారెడ్డిలో ఉద్యోగం చేస్తోంది. పేజీలో ఒక్కొక్కరి పేరు, ఫోన్ నంబరు, వాళ్ల విత్తనాల ఫొటోలు ఉండేవి. గ్రేసి డ్యూటీలో ఉన్నప్పుడు ఎవరి నంబరైనా మారితే సరిచేయడానికి పాస్‌వర్డు నాకు ఇచ్చి పెట్టింది. నమ్మి ఇచ్చింది. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆ పేజీని కొలిచాను. ముప్పై ఒకటి వచ్చింది. ఎర్ర చక్రం. నాలుగు మార్కుల్లో ఫేలు. కింద సలహా కూడా ఉంది: ఫొటోలు మరీ బరువుగా ఉన్నాయి, తేలిక చేయండి. సొంత బిడ్డ ప్రోగ్రెస్ కార్డు చూసినట్టు నా మొహం మాడిపోయింది. వెంటనే గ్రేసికి ఫోన్ చేశాను.

"గ్రేసీ, మన పేజీ ఫేలయింది."

"ఏంట్ల సార్?"

"వేగంలో. ఫొటోలు బరువున్నాయట."

"అది తెలుసు సార్. వాళ్లకు అట్లనే కావాలె. మీరు వాటి జోలికి పోకున్రి. డ్యూటీల ఉన్న, పొద్దూకినంక మాట్లాడ్త."

పొద్దు గూకడానికి ఇంకా అయిదు గంటలుంది. కళ్లముందు ఎర్ర చక్రం పెట్టుకుని అయిదు గంటలు ఆగగలిగిన మనిషిని కాను నేను. పైగా, చేయలేని పనికి పిల్లలు ఇలాగే సాకులు చెబుతారని ఒక మాస్టారుగా నాకు గట్టి నమ్మకం. పేజీలోని ఫొటోలన్నీ దింపుకున్నాను. ఒక్కొక్కదాన్ని సైజు తగ్గించి అంగీ గుండీ అంత బరువుకు తెచ్చాను. అవే పేర్లతో, పాతవాటి మీదే ఎక్కించాను. పాతవాటిని విడిగా దాచాలన్న ఆలోచన రాలేదు. మాసిన బట్టల్ని ఉతికి ఆరేసినవాడు మురికిని దాచుకుంటాడా?

మళ్లీ కొలిచాను. తొంభై ఎనిమిది. పచ్చ చక్రం.

దాన్ని రంగుల్లో ప్రింటు తీసి దుకాణం అద్దానికి అంటించాను. సాయంత్రం గ్రేసి ఫోన్ చేస్తే, అంతా చూసుకున్నాను, నువ్వేం దిగులు పెట్టుకోకని చెప్పాను. ఆ రాత్రి నాకున్న బాధల్లా ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయన్నదే.

వారం తర్వాత న్యాల్‌కల్ వైపు నుంచి శివరాజప్ప అనే రైతు పాస్‌బుక్ జిరాక్సుకు వచ్చాడు. ప్రతి ఏడూ ఆ విత్తనాల ఆడవాళ్లలో తుల్జమ్మ దగ్గరే కంది విత్తనం తీసుకునే మనిషి. ఈసారి తీసుకోనన్నాడు. ఎందుకని అడిగితే, "తుల్జమ్మక్క కంది పుచ్చింది సార్. ఫొటోల నా కండ్లతోటి సూసిన. గింజ గింజకు పొక్కనే. మా దిక్కు అందరికీ చెప్పిన, పోకున్రని" అన్నాడు. నేను అయ్యో పాపమన్నాను. అలా అంటున్నప్పుడు నా వీపు వెనక అద్దం మీద తొంభై ఎనిమిది పచ్చగా మెరుస్తోంది.

మరో నాలుగు రోజులకు తుల్జమ్మే వచ్చింది. అరవై ఏళ్ల మనిషి, ఎండలో షేర్ ఆటో దిగి, కొంగుతో మొహం తుడుచుకుని, ఫోన్‌లో పేజీలోని తన కందుల ఫొటో తెరిచి నా బల్ల మీద పెట్టింది.

"సారూ, గీ చాట నాదే. చాటల ఉన్నయి నా కందులేనా, జర సూసి చెప్పు."

"నీవే పెద్దమ్మా. కింద నీ పేరు కూడా ఉంది గదా."

"పేరుంటే అయితదా? నీ పేరు రాసి పక్కకు మేక ఫొటో పెడితే, మీ ఆమె నిన్నని ఒప్పుకుంటదా?"

సరోజ ఏమంటుందో ఊహించుకుని, ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. తుల్జమ్మది మచ్చల కంది. వాళ్ల అత్త ఇచ్చిన విత్తనం, ఆ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. గింజ మీద చిన్న చిన్న నల్లటి చుక్కలుంటాయి. రైతులు ఆ ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, గింజను అరచేతిలో వేసుకుని చూసినంత దగ్గరగా చూసేవాళ్లు. నేనూ రెండు వేళ్లు పెట్టి లాగాను. గింజలు అలుక్కుపోయాయి. నా చేతి చలవ వల్ల ప్రతి చుక్కా చిల్లులాంటి పొక్క అయింది. ఎవరు చూసినా పురుగు తొలిచిందనే అంటారు.

"మొన్నటిదాంక ముట్టుకుంటే చేతికి తగులుతదా అన్నట్టుండె" అంది తుల్జమ్మ. "ఇప్పుడు ఉడకబెట్టి తీసినట్టున్నయి. ఊరంత నా కందులు పుచ్చినయంటున్రు. బుట్ట తెరిచి సూపియ్యమంటున్రు."

"చూపిస్తే పోతుంది గదా."

నా తెలివికి ఆమె జాలిపడినట్టు చూసింది. అప్పుడు వివరంగా చెప్పింది. పంట రాగానే మంచి గింజ ఏరి, ఎండబెట్టి, బూడిద కలిపి, కిందా పైనా వేపాకు వేసి బుట్టలో పోస్తారు. మూత మీద పేడా మట్టీ కలిపి గాలి దూరకుండా మెత్తుతారు. వాళ్లు మిరగమనే మృగశిర కార్తె వచ్చి, విత్తే రోజు దాకా ఆ మూత ఎవరూ తెరవరు. తెరిస్తే లోపలికి గాలి పోతుంది, గాలి వెంట పురుగు పోతుంది. అందుకే, మెత్తడానికి ముందు తీసిన ఆ ఫొటోలే అందరూ చూసుకునే విత్తనాలు.

"మిరగం ఇంక ఇరవై దినాలున్నది. ఇప్పుడు తెరిస్తే పురుగు పడ్తదేమోనని భయం. తెరవకుంటే పుచ్చినయనే అంటరు. ఎవ్వలు తీసుకపోకుంటే ఈ గింజ నాతోటే పోతది. నువ్వే చెప్పు, నన్నేం జేయమంటవ్?"

నాకు అప్పటికి అంతా అర్థమైంది. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"ఆ పిల్ల గ్రేసి ఫొటోలు తప్పు పెట్టినట్టుంది పెద్దమ్మా. ఫికర్ చేయకు, నేను చూస్తాలే."

నాలుగేళ్లుగా సరిదిద్దుకోవాలనుకుంటున్న మాట అదే. మిగతాది తెలివితక్కువతనం, దానికి నవ్వుకోవచ్చు. ఇది మాత్రం నవ్వి ఊరుకునేది కాదు.

తుల్జమ్మ గ్రేసికి ఫోన్ చేసి నాలుగు మాటలంది. ఉచితంగా చేసిన పనికి ఇదా మర్యాద అని గ్రేసి వాళ్లమ్మ ఇంకో నాలుగంది. ఆదివారం చర్చి అయిపోగానే గ్రేసి నేరుగా నా దుకాణానికి వచ్చింది. కోపంగా లేదు. ఉంటే బాగుండునని నాకనిపించింది. కంప్యూటర్ ముందు కూర్చుని పేజీ తెరిచింది. పాపం, చాలా వేగంగా తెరుచుకుంది. కాసేపు చూసి, తలెత్తి అద్దం మీది కాగితాన్ని చూసింది.

"సార్, ఈ తొంభై ఎనిమిది ఎప్పుడొచ్చింది?"

"పదిహేను రోజులైంది."

"తుల్జమ్మ కందులు పుచ్చి ఎన్ని దినాలైంది?"

నేను జిరాక్సు మిషన్‌లో కాగితాలు సర్దాను.

"పాత ఫొటోలేవి సార్?"

"వాటి మీదే ఎక్కించాను. నీ దగ్గర ఉండాలి గదా?"

"నా ఫోన్ మారింది. వాళ్ల ఫోన్లల్ల జాగ లేదని ఆనాడే తీసేసిన్రు. నేను ఒక కాపీ పెట్టుకోవాలెనుండె. అది నా తప్పే సార్."

తప్పంతా నాదై ఉండి నేను నోరు మూసుకుంటే, తన వంతు తప్పు కోసం ఆ పిల్ల వెతుక్కుంటోంది. నా దగ్గర చదువుకుని కూడా ఇంత మంచిగా ఎలా తయారైందో తెలియదు.

"ఆ పేజీ నిదానంగ వస్తదని వాళ్లకు ఎరికే సార్" అంది మళ్లీ తనే. "పొయ్యి మీద ఎసరు పెట్టినట్టు ఫోన్ పక్కకు పెట్టి, బర్రెకు గడ్డేసి వస్తరు. వచ్చేసరికి గింజ వచ్చి ఉంటది. మీ మిషను ఎంతసేపట్ల వచ్చిందన్నది చూసింది. ఏమొచ్చిందో చూడలే."

తుల్జమ్మకు నువ్వే చెబుతావా అని అడిగాను. "నేనైతే చెప్ప సార్. మీరే చెప్పున్రి" అని లేచింది.

మర్నాడు దుకాణం మూసి, అద్దం మీది కాగితం పీకి జేబులో పెట్టుకుని, షేర్ ఆటో ఎక్కాను. ఆ ఊళ్లో తుల్జమ్మ ఇంటి ముందు ఆరేడుగురు ఆడవాళ్లు కూర్చుని కొర్రలు చెరుగుతున్నారు. వాళ్ల ముందు నిలబడి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ముప్పై ఒకటి ఎలా వచ్చింది, తొంభై ఎనిమిది ఎలా తెచ్చాను, ఎర్ర చక్రం, పచ్చ చక్రం, మిషన్ సలహాలు, చివరికి గ్రేసి మీద వేసిన అబద్ధం. రుజువుగా కాగితం కూడా చూపించాను. దాన్ని వాళ్లు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని, పెళ్లి పత్రిక చూసినంత శ్రద్ధగా చూసి తిరిగిచ్చారు.

తుల్జమ్మ చాట కింద పెట్టి ఫోన్ తీసింది. ముందు గ్రేసికి ఫోన్ చేసింది. "బిడ్డా, నిన్ను ఊకనే అన్న. మనసుల పెట్టుకోకు. దొంగ దొరికిండు, నా వాకిట్లనే నిలబడ్డడు" అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"బుట్ట తెరుస్తా. తప్పదు. కానీ మళ్ల ఎండబెట్టుడు, మెత్తుడు నీ పని."

శివరాజప్పను పిలిపించారు. అతను వచ్చాక ఎండిన మట్టిని పగలగొట్టి మూత తీసి, గింజల్ని చాటలో పోసింది. గింజ గింజకూ కాటుక పెట్టినట్టున్నాయి చుక్కలు. శివరాజప్ప పిడికెడు తీసుకుని ఎండలో తిప్పి తిప్పి చూశాడు. ఒకటి నోట్లో వేసుకుని కొరికితే, ఆ చప్పుడు నాకు కూడా వినబడింది. "తప్పయింది అక్కా. నాకు రెండు మానికలు తీసిపెట్టు. మా దిక్కు అందరికి మళ్ల నేనే చెప్త" అన్నాడు. ఆ చాటను నేను ఎన్ని వైపుల నుంచి తీయవచ్చో అన్ని వైపుల నుంచి ఫొటోలు తీశాను. ఎంత బరువు ఫొటో తీయగలదో నా ఫోన్ అంత బరువు తీసింది. మిగతావాళ్ల గింజల ఫొటోలు మాత్రం మిరగానికి బుట్టలు తెరిచినప్పుడే తీయాలన్నారు.

గింజను ఒక పూటంతా ఎండబెట్టాలన్నారు. కోళ్లు రాకుండా నన్ను కాపలా పెట్టారు. చేతికి గొడుగు, కర్ర ఇచ్చారు. ఆ ఎండలో ఆ గొడుగు నీడ ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నానేమో. తెరిచేసరికి ఒక కోడి నాకు దూరంగా, ఏమీ ఎరగనట్టు పోతోంది. నేను కూడా ఏమీ ఎరగనట్టే ఉన్నాను.

సాయంత్రం బూడిద కలిపారు, వేపాకు వేశారు. మెత్తడం నా వంతు. పేడా మట్టీ పిసికి మూత చుట్టూ పెట్టాను. నా కళ్లకు బాగానే ఉంది. తుల్జమ్మ వేలితో చుట్టూ తడిమి చూసి, "నీ మిషను ఎంతకు ఏస్తదంటివి మార్కులు?" అని అడిగింది.

"వందకు పెద్దమ్మా."

"అయితే దీనికి ముప్పై ఒకటి. ఎరుపు."

ఆడవాళ్లంతా చాటలు ఆపి నవ్వారు. వాళ్లలో రత్నమ్మ అనే ఆమె ఇంకా ఆగలేక, "సలహాలు గూడ ఇస్తదన్నడు గదా అక్కా, జర సలహా చెప్పు" అంది.

"మట్టి బరువైంది" అంది తుల్జమ్మ గంభీరంగా. "తేలిక చెయ్యి."

అంతా ఊడదీసి, మళ్లీ పిసికి, మళ్లీ మెత్తాను. రెండోసారి నలభై రెండు ఇచ్చింది, పాసేనని నాకు నేనే చెప్పుకుని ఊరట పొందబోయాను, ఒప్పుకోలేదు. మూడోసారికి చీకటి పడుతుండగా అరవై ఇచ్చింది. "ఇగ మిగిలింది మిరగం వచ్చినంక చెప్త" అని నన్ను చివరి ఆటో ఎక్కించింది.

మిరగం వచ్చే దాకా నేను పడిన బాధ ఏ చక్రమూ చూపించలేదు. బుట్టకు ఎక్కడో పగులు వచ్చిందనీ, లోపలికి పురుగులు బారులు కట్టి పోతున్నాయనీ కలలు. ఇంట్లో పప్పు డబ్బా తెరిచి రోజూ వెతికేవాణ్ని. "నా పప్పుల పురుగు దొరకాలెనని మొక్కుకున్నవా?" అని అడిగింది సరోజ.

వానలు పడ్డాయి. ఒకరోజు మధ్యాహ్నం, దుకాణంలో కరెంటు బిల్లు కట్టడానికి ఇద్దరు కూర్చుని ఉండగా, తుల్జమ్మ ఫోన్ నుంచి ఒక ఫొటో వచ్చింది. ఫొటోను తగ్గించకుండా మొత్తంగా ఎలా పంపాలో గ్రేసి ఆమెకు నేర్పిపెట్టింది. అది తెరుచుకోవడం మొదలైంది. ముందు ఒక గీత ఆకాశం వచ్చింది. చాలాసేపటికి చేను గట్టు వచ్చింది. బిల్లు కట్టేవాళ్లలో ఒకతను ఇంకెంతసేపని అడిగితే, తెలియదన్నాను. తర్వాత ఎర్రటి నేల, తడిసి ఉంది. ఆ నేల మీద ఒక వరుస. ఇంకో వరుస. రెండేసి ఆకులతో కంది మొలకలు, ఎక్కడా ఖాళీ లేకుండా, ఫొటో చివరి దాకా.

నేనింకా చూస్తుండగానే ఫోన్ మోగింది.

"వచ్చిందా సారూ?"

"వచ్చింది పెద్దమ్మా. ఎన్ని మార్కులో చెప్పు ఇప్పుడు."

"తొంభై ఎనిమిది."

మాస్టారు బుద్ధి పోక, మరి ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయని అడిగాను.

"కోడి తిన్నది" అంది తుల్జమ్మ. "నువ్వు గొడుగు కింద నిద్ర వోయినప్పుడు."

కాబట్టి అందరికీ తెలియజేసేదేమంటే, గ్రేసి తప్పు ఆవగింజంత కూడా లేదు. తుల్జమ్మ కందులకు ఆనాడు గానీ ఈనాడు గానీ పురుగు పట్టలేదు. కావలసినవాళ్లు ఆ పేజీలో ఇప్పుడున్న ఫొటోలు చూసుకోవచ్చు, కాకపోతే పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి చూడాలి. ఇక నా సంగతి. దుకాణంలోని జిరాక్సు మిషన్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఏ పేజీకీ మార్కులు వేయను, వేసినా అద్దానికి అంటించను, అడగకుండా ఎవరి గింజనూ తేలిక చేయను, ఎండలో గొడుగు పట్టుకుని కూర్చోను. ఆ ఎక్స్‌టెన్షన్‌ను మొలకల ఫొటో వచ్చిన రోజే పీకేశాను. పీకేశాక నా కంప్యూటర్ కొంచెం వేగంగా నడుస్తున్నట్టుంది. ఎంత వేగమో మాత్రం కొలవలేదు.